రాజు అడుగున పేరు

మార్చి 4

ఇవాళ ఉదయం తెల్ల మాత్ర మింగలేదు. ఇక మింగను. తేదీ రాసి పెడుతున్నాను. ఇది ఎప్పుడు మొదలైందని రేపు ఎవరైనా అడిగితే డాక్టర్ మురై తన కంప్యూటర్‌లో వెతుక్కోనక్కర్లేదు.

పని చాలా తేలిక. ఒక పూట మాత్రలన్నీ కలిపి ఒకే ప్లాస్టిక్ పొట్లంలో వేస్తారు. పైన నా పేరు, పూట, తేదీ అచ్చు వేసి ఉంటాయి. గోడకి వేలాడే గుడ్డ క్యాలెండర్‌లో ఏ రోజు అరలో ఆ రోజు పొట్లం. నర్సు నిషినో సోమ, గురువారాల్లో వచ్చి ఖాళీ పొట్లాలు చూసి తల ఊపి పోతుంది. పొట్లం ఖాళీ అయిందా లేదా అన్నంతవరకే ఆమె చదువు. ఖాళీ అయినవి ఎటు పోయాయో ఆమెకి నేర్పలేదు. ఉదయం పొట్లంలో నాలుగు ఉంటాయి. మూడు మింగాను. పెద్ద మందు, అంటే నడుమ గీత ఉన్న చిన్న తెల్లది, టీ డబ్బాలోకి పోయింది. పదకొండేళ్లుగా దాన్ని చూస్తున్నాను. కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాను.

పోయిన నెల మందుల షాపు ఆవిడ నన్ను ఆపి, ఇటగాకి గారూ, ఈసారి కంపెనీలు మారాయి, ఈ బొమ్మల కాగితం ఒకసారి చదవండి అంది. నువ్వు పుట్టకముందు నుంచీ చదువుతున్నానమ్మా అన్నాను. పిచ్చాసుపత్రిలో ఉన్న ముప్ఫై ఒక్క ఏళ్లలో అక్కడి మూడు బీరువాల పుస్తకాలూ నాలుగేసి సార్లు చదివినవాణ్ణి. నాకు మాత్రల బొమ్మలు చూపిస్తుంది. కాగితాన్ని ఆవిడ కళ్లముందే చెత్తబుట్టలో వేశాను. మొహం ఎర్రబడింది. బాగుంది.

కారణం కూడా రాయాలి. నిన్న తమ్ముడు సదాకిచి వచ్చాడు. జూన్‌లో పావులు చెక్కేవాళ్ల సంఘం ప్రదర్శన. నాన్న కొట్టు తరఫున ఒక షోగి చదరంగం సెట్టు పెడుతున్నాడట. ఒక రాజును నన్ను చెక్కమన్నాడు.

"అడుగున ఎవరి పేరు?" అన్నాను.

వాడు టీ కప్పు కింద పెట్టాడు. "చెక్కినవాడి పేరే అన్నయ్యా. రాజు ప్రదర్శనలో నిలబడేలా ఉంటే."

మా పావులకి బొమ్మలుండవు, చెక్కముక్క ముఖం మీద అక్షరాలు చెక్కుతాం. రెండు పక్షాలకీ ఒక్కో రాజు. ఒక రాజు అడుగున చెక్కినవాడి పేరుంటుంది, రెండోదాని అడుగున లిపి పేరు, అంటే ఆ అక్షరాలు ఎవరు గీసిన తీరువో. నలభై ఐదేళ్లుగా వాడు చెక్కే ప్రతి సెట్టులో లిపి పేరు దగ్గర 'తొకుజో లిపి' అని ఉంటుంది. తొకుజో నేనే, నా ఇరవై ఆరో ఏట నేను గీసిన అక్షరాలు అవి. అలా వెయ్యడం తన మంచితనం అనుకుంటాడు. ఈ తెండో ఊళ్లో ఏ చెక్కుడువాణ్ణి అడిగినా చెబుతాడు, లిపులకి పెట్టేది చచ్చినవాళ్ల పేర్లు. నలభై ఐదేళ్లుగా నా తమ్ముడు నాకు సమాధిరాళ్లు చెక్కి దేశమంతా పంపుతున్నాడు. చెక్కినవాడి పేరు బతికున్నవాడిది. నాకు అది కావాలి.

దానికి చెయ్యి కావాలి. ఈ చెయ్యి సూప్ గిన్నెని కూడా ఒలకకుండా నోటిదాకా తేలేదు. దాన్ని వణికించేది ఆ తెల్ల మాత్రే.


మార్చి 7

నిషినో వచ్చింది. పొట్లాలు చూసి, "భలే బుద్ధిమంతులండీ మీరు," అంది. కృతజ్ఞతలు చెప్పాను.


మార్చి 13

నోట్లో తడి వచ్చింది. ఇన్నేళ్లూ నా నాలుక ఎండిన తోలుముక్కలా ఉండేది. ఇవాళ అన్నం ముద్ద నీళ్ల సాయం లేకుండా దిగింది. కడుపు కూడా దానంతట అది కదిలింది. ఇంతకంటే రాయను. అర్థం కావలసినవాడిని నేనే కదా.


మార్చి 19

చెయ్యి ఇదివరకటికంటే ఎక్కువ వణుకుతోంది. కాళ్లు బిగుసుకున్నాయి. విషం బయటికి పోయేటప్పుడు ఇలాగే ఉంటుంది. నలభై ఐదేళ్లు ఒంట్లో కాపురమున్నది సామాను సర్దుకోకుండా పోతుందా?


మార్చి 28

ఇవాళ కళ్లజోడు లేకుండా దినపత్రికలో మరణ వార్తలు చదివాను. చిన్న అక్షరాలు. ఒక్కొక్కటీ చెక్కినట్టు కనిపించింది. ఎన్నో ఏళ్లుగా దగ్గరి వస్తువంటే నాకు నీళ్లలో పడ్డ వస్తువే. వయసు అన్నారు. కళ్ల డాక్టరూ అదే అన్నాడు, మురై అదే అన్నాడు, వాడికంటే ముందున్నవాడూ అదే. వయసు అంట. ఇరవై నాలుగు రోజుల్లో నా వయసు తగ్గిందా?

ఒకప్పుడు నాతో మాట్లాడిన గోడలో మనిషి కూడా రాలేదు. మందు మానేస్తే వారంలో తిరిగొస్తాడని ముగ్గురు డాక్టర్లు మూడు కాలాల్లో నన్ను బెదిరించారు. ఇరవై నాలుగు రోజులైంది. గోడ గోడలాగే ఉంది.

మరి ఇన్నేళ్లు దేనికి మింగినట్టు?


ఏప్రిల్ 9

మురై దగ్గరికి. రెండు వారాలకోసారి మూడు నిమిషాలు. నిద్ర పడుతోందా, తింటున్నారా, గొంతులేమైనా వినిపిస్తున్నాయా. ఈ మూడు ప్రశ్నలూ తెరని చూస్తూ అడుగుతాడు, తెరకే జబ్బు చేసినట్టు. పడుతోంది, తింటున్నాను, లేదు అన్నాను. చేతి వణుకు ఎక్కువైందే అని ఒక్కసారి ఇటు చూశాడు. చలి అన్నాను. మందు పెంచమంటారా అన్నాడు. వద్దన్నాను. నవ్వు ఆపుకోవడానికి బుగ్గ లోపల కొరుక్కున్నాను.

వాడికి ఒక ఉత్తరం రాస్తున్నాను. నా పేరు చెక్కిన రోజున ఇస్తాను. మొదటి వాక్యం సిద్ధం: 'అయ్యా, మీరు నయం చేస్తున్న మనిషి ఎన్నడూ లేడు.'


ఏప్రిల్ 10

ఆ వాక్యం బాగుంది. మార్చను.


ఏప్రిల్ 16

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ నా నోటి వంక చూసి లేచి వెనక సీటుకి పోయింది. నా నోరు ఏమీ లేకపోయినా నములుతూ ఉంటుంది. నాలుక అప్పుడప్పుడు తొంగిచూస్తుంది. అది పిచ్చి కాదమ్మా, పిచ్చికి వేసిన మందు అని చెబుదామనుకున్నాను. చెబితే బస్సు దిగిపోయేది. జనానికి పిచ్చివాణ్ణి చూస్తే భయం లేదు, మందు మింగిన ఆనవాళ్లు చూస్తే భయం. నిజమైన పిచ్చిలో ఉన్నప్పుడు నేను చక్కగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిరిగేవాణ్ణి. అప్పుడు నా పక్కన అందరూ కూర్చున్నారు.

డెబ్భై నాలుగు నవంబరు సంగతి ఇక్కడ రాయను. ఆసుపత్రి ఫైల్లో రెండంగుళాల మందాన ఉంది. చాలు.


ఏప్రిల్ 23

కొట్టు నుంచి కలప వచ్చింది. సదాకిచి మూడు దిమ్మలు పంపాడు, రెండు పాడవుతాయన్న లెక్కతో. వాడి నమ్మకం అంతవరకు.


మే 1

కొత్త చక్రవర్తి, కొత్త శకం. టీవీ నిండా అదే. ఇకమీదట పొట్లం మీద సంవత్సరం అంకె మారుతుంది. లోపల మాత్రలు అవే.


మే 6

ఒక దిమ్మ పాడైంది. కత్తి జారింది. అక్షరం నడుముకి అడ్డంగా గాటు.


మే 7

రెండోది కూడా.


మే 9

మార్గం దొరికింది. కుడి మణికట్టుని తువ్వాలుతో చెక్కుడు బల్లకి కట్టేశాను. చెయ్యి కదలదు, వేళ్లు మాత్రమే కదులుతాయి. వణుకు ఒక అల లాంటిది, ఎగసి దిగుతుంది. దిగిన క్షణంలో వెంట్రుకంత లాగాలి, ఎగసేటప్పుడు ఆగాలి. ఉదయం రెండు గంటలు. మిగతా రోజంతా చెయ్యి నొప్పి.

కళ్లు మాత్రం! పావు మీద అంటించిన అక్షరాల కాగితం అంచున చిరిగే పోగు కూడా కనిపిస్తోంది. ఈ కళ్లు నా నుంచి ఇన్నేళ్లు దాచినవాళ్లందరి పేర్లూ ఒక కాగితం మీద రాశాను. మురై, వాడికి ముందు ఇద్దరు, ఆసుపత్రి పెద్ద నర్సు (చచ్చిపోయింది, అయినా రాశాను), నన్ను లోపల వెయ్యడానికి సంతకం పెట్టిన నాన్న, నాన్న పోయాక బయటికి పంపే కాగితం మీద ఇరవై రెండేళ్లపాటు సంతకం పెట్టని సదాకిచి.


మే 19

అయింది. నిలబడింది.

డెబ్భై రెండేళ్ల వయసులో, మందు లేకుండా, నా అక్షరాలు నేనే చెక్కాను. అడుగు ఖాళీగా ఉంచాను. సదాకిచి కళ్లముందు చెక్కుతాను.


మే 20

కొట్టుకి వెళ్లాను. సదాకిచి భార్య హరుయె టీ పోసి పక్కన కూర్చుంది. గుడ్డ విప్పి రాజుని బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, గోటితో గీతల వెంట నడిచాడు. చాలాసేపు.

"గీత వణికింది అన్నయ్యా."

"వణకలేదు. ఊపిరి తీసుకుంది."

"మూడు చోట్ల తీసుకుంది."

"బతికున్నవాడు చెక్కాడు కదా."

వాడికి నవ్వొచ్చింది. మళ్లీ చూశాడు. నాన్నయితే దీన్ని పొయ్యిలో పెట్టేవాడు అన్నాడు. తర్వాత, నేను నాన్నని కాను, ఇది నిలబడుతుంది, పేరు చెక్కు అన్నాడు.

అక్కడితో లేచి కత్తి అందుకుని ఉంటే అయిపోయేది. కానీ నలభై ఐదేళ్ల బాకీ నోట్లో ఉంది, ఇప్పుడు నోట్లో తడి కూడా ఉంది. చెప్పేశాను. ఇది ఎలా సాధ్యమైందో తెలుసా అన్నాను. డెబ్భై ఎనిమిది రోజులుగా పెద్ద మందు మింగడం లేదన్నాను. మీరంతా కలిసి ఒక మంచి పనివాణ్ణి బతికుండగానే పూడ్చిపెట్టారన్నాను.

హరుయె లేచింది. పని బల్ల మీది ఐదు చెక్కుడు కత్తులూ ఒక్కొక్కటే ఏరి, ఏప్రన్‌లో చుట్టి లోపలికి తీసుకెళ్లింది. టీ కప్పులు తీసినంత మామూలుగా తీసింది.

సదాకిచి కూర్చున్నచోటు నుంచి కదలలేదు. "తల ఎలా ఉంది?"

"తేటగా ఉంది."

"ఆ రోజు కూడా ఇదే మాట అన్నావు. తల తేటగా ఉంది సదా, చెయ్యి ఇలా బల్ల మీద పెట్టు అన్నావు. అన్నావు కదా, పెట్టాను." ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. "నా వేళ్లలో ఏదో దాచానని గోడలో మనిషి నీకు చెప్పాడు. నువ్వు కత్తితో తీసి చూశావు."

రెండు వేళ్లు ముడుచుకోవు. చిటికెన వేలు, దాని పక్కది. నేను చూడలేదు, నాకు తెలుసు. వాడితో మాట్లాడేటప్పుడు వాడి కుడి భుజం వైపు చూసి మాట్లాడతాను. అది నా అలవాటు.

వాడు రాజుని గుడ్డలో చుట్టి తన దగ్గరే ఉంచుకున్నాడు. "ఇవాళ వద్దు అన్నయ్యా. నిషినో గారిని రమ్మంటాను."

"మాట తప్పుతున్నావా?"

"భయపడుతున్నాను," అన్నాడు.


మే 21

నిషినో తన రోజు కాకపోయినా వచ్చింది. టీ డబ్బా అడిగింది. ఇచ్చాను, గర్వంగానే. దినపత్రిక పరిచి మాత్రలన్నీ ఒంపింది. ఒకటి పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది. తన సంచిలోంచి మందుల బొమ్మల కాగితం తీసింది. నేను చెత్తబుట్టలో పారేసిన కాగితమే, ఆమె దగ్గర ఇంకోటి ఉంది. రెండుసార్లు చదివి చాప మీద చతికిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇటగాకి గారూ, ఇది పెద్ద మందు కాదండీ. వణుకు తగ్గే మందు."

ఫిబ్రవరిలో కంపెనీలు మారాయట. అంతవరకు తెల్లగా ఉన్న పెద్ద మందు లేత పసుపులో వచ్చింది. లేత పసుపులో ఉండే వణుకు మందు తెల్లగా వచ్చింది, నడుమ గీతతో సహా. నోరు ఎండగట్టేది, కళ్లు మసకబార్చేది, కడుపు బిగించేది ఈ వణుకు మందేనట. అందుకే అది మానగానే నోరూ కళ్లూ కడుపూ తేరుకున్నాయి. చెయ్యి అందుకే పాడైంది.

"మరి పెద్ద మందు?"

"రోజూ మింగారు. ఒక్క పూట తప్పలేదు. నేను చూసే ఇరవై మందిలో మీ అంత బుద్ధిగా మింగినవాళ్లు లేరండీ."

ఇది వెక్కిరింత కాదు. అదే బాధ.

వెంటనే సదాకిచికి ఫోన్ చేసింది. అవతల హరుయె గొంతు నాక్కూడా వినిపించింది. అమ్మయ్య, అమ్మయ్య అని రెండుసార్లు అని ఏడ్చింది. నిషినో కూడా కళ్లు తుడుచుకుంది. నేను పిచ్చివాణ్ణి కానందుకు కాదు వాళ్ల సంతోషం. నేను మందు మింగినందుకు.


మే 22

రాయడానికి ఏమీ లేదు.


మే 24

గోడలో మనిషి రాకపోవడం నా గొప్ప కాదన్నమాట.

మురైకి రాసిన ఉత్తరం చింపాను. మొదటి వాక్యం మాత్రం ఇప్పటికీ బాగుంది.


మే 28

మురై. ఇవాళ కుర్చీ తెర వైపు నుంచి నా వైపు తిప్పుకున్నాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి అతని రెండు చెవులూ ఒకేసారి చూశాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కళ్ల సంగతి నాకు తట్టలేదండి, వయసే అనుకున్నాను, క్షమించండి అని వంగి నమస్కరించాడు. దెబ్బకి దెబ్బ కొట్టాలని వెళ్లినవాడికి అంతకంటే అవమానం లేదు. వణుకు మందు సగం మోతాదులో మళ్లీ వేసుకోమన్నాడు. చెయ్యి ఐదారు రోజుల్లో కుదురుతుందట, కళ్లు కొంత మసకబారతాయట. తర్వాత ఇంకో మాట అన్నాడు.

"అసలు దారి వేరే ఉంది. పెద్ద మందునే తగ్గిస్తే వణుకూ తగ్గుతుంది, దీనితో పనుండదు. ఎనిమిదో వంతుతో మొదలుపెట్టి, ఇద్దరం గమనిస్తూ, మెల్లగా. మీరు నన్ను పద్నాలుగేళ్లుగా అడుగుతున్నది ఇదే కదా?"

అవును, ఇదే అడిగాను. అరిచి అడిగాను. ఒకసారి కుర్చీ ఎత్తి అడిగాను.

వద్దన్నాను.

కారణం అడిగాడు. మాత్రకీ మాత్రకీ తేడా చెప్పని షాపుని నమ్మి, నోరు ఎండుతోందంటే నీళ్లు తాగమన్న డాక్టరుని నమ్మి నా తలని మీ చేతుల్లో పెట్టను అన్నాను. మీ లెక్కల మీద నాకు నమ్మకం లేదన్నాను. సరే, ఎప్పుడైనా మనసు మారితే చెప్పండి అన్నాడు.

కారణం అదే. వేరే కారణమేమీ లేదు.

బస్సులో కూర్చున్నంతసేపూ కుడి చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాను. చలి లేదు.


జూన్ 2

చెయ్యి కుదిరింది. సూప్ ఒలకలేదు. దినపత్రికలో అక్షరాలు మళ్లీ నీళ్లలో పడ్డాయి.


జూన్ 4

సదాకిచి ఫోన్. ప్రదర్శన ఎనిమిదిన. రేపు రా, పేరు చెక్కాలి అన్నాడు. కనపడదు అన్నాను. చెయ్యెలా ఉంది అన్నాడు. చెయ్యి బాగుంది అన్నాను.

"నాకు కనపడుతుందిగా, రా," అన్నాడు.

నీ కళ్లతో చెక్కితే అది నీ పేరవుతుంది అని ఫోన్ పెట్టేశాను. వెళ్లను.


జూన్ 5

వెళ్లాను.

హరుయె కత్తులు తెచ్చి బల్ల మీద వరసగా పరిచింది. "నూరించి ఉంచాను బావగారూ," అంది. తర్వాత గది గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలిచింది. ఒక్కసారి కూడా బఠాణీల వంక చూడలేదు. తొక్కలు గిన్నెలోకి, గింజలు కింద. నేను చూసి ఊరుకున్నాను. నాకు కోపం రాలేదని కాదు. ఆమె జాగాలో నేనుంటే ఆ కత్తులు బావిలో వేసేవాణ్ణి.

ముఖం చెక్కేటప్పుడు పావుని బిగింపు చట్రంలో పెట్టవచ్చు. అడుగు చెక్కేటప్పుడు చట్రం పట్టదు, చేత్తో పట్టుకోవాలి. నా ఎడమ చెయ్యి కుడి మణికట్టుని ఆపడానికి కావాలి. సదాకిచి ఎదురుగా కూర్చుని, రాజుని తలకిందులు చేసి ఎడమ చేతిలో పట్టుకున్నాడు. మూడు వేళ్లు పట్టుకున్నాయి. రెండు కర్రముక్కల్లా పైకి నిలబడ్డాయి, సరిగ్గా నా కత్తి వచ్చే దారిలో.

"ఆ చెయ్యి మార్చుకో."

"కుడిచెయ్యి నాకు రేపు పనికి కావాలి," అన్నాడు. అని నవ్వాడు. ఇలాంటి వాడు నా తమ్ముడు.

మొదలుపెట్టాను. నాకు కనపడింది ఒక పసుపు మరక, దాని చుట్టూ వాడి వేళ్ల మరక. వాడు చెప్పాడు, నేను లాగాను. ఎడమకి. ఇంకాస్త. ఆగు. ఇప్పుడు కిందికి. లాగు. చిన్నప్పుడు నాన్న బల్ల కింద కూర్చుని పాడైన పావుల మీద వాడికి చెక్కడం నేర్పింది నేను. సరిగ్గా ఇవే మాటలు, ఇదే చిరాకు గొంతుతో.

సగం పేరు అయ్యాక కత్తి జారింది. వాడి వేలి పక్కగా పోయి బల్లలో దిగింది. గుమ్మంలో గిన్నె కింద పడింది. నేను కత్తి వదిలేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఇక చాలు. సగం పేరుతోనే పంపించు."

"తొకు అనే మనిషెవడూ లేడు," అన్నాడు. "కత్తి తీసుకో అన్నయ్యా."

"గోడలో మనిషి మళ్లీ వస్తే?"

ఇన్నేళ్లలో ఎవరితోనూ ఈ మాట అనలేదు. అన్నందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

వాడు రాజుని మళ్లీ సరిగ్గా పట్టుకున్నాడు. "వస్తే నాకు చెప్పు. ఆ రోజు వాణ్ణి నమ్మావు గానీ, నాకు చెప్పలేదు."

సమాధానం నచ్చలేదు. అంత తేలికైన సంగతి కాదది. రెండంగుళాల ఫైలుకి వాడు రెండు వాక్యాల జవాబిచ్చి, ఇంకా చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. కత్తి తీసుకున్నాను.

మొత్తం రెండు గంటలు పట్టింది. ఇటగాకి తొకుజో. చివరి గీత కాస్త పక్కకి పోయింది. నిజమైన పనివాడెవడైనా చూస్తే నవ్వుతాడు. ఆగు అనడంలో సదాకిచి ఆలస్యం చేశాడు. తప్పు పూర్తిగా వాడిది. చిన్నప్పటి నుంచీ వాడంతే, చెప్పాల్సినప్పుడు చెప్పడు.

చెయ్యి మాత్రం తియ్యలేదు.